దుడ్లు మనవి, చెయ్యెత్తేది ఎవరు?

ఈ పోస్టు పొడుగు. పాలు పోసొచ్చి, మోటరు వేసొచ్చినాక తీరుబడిగా చదవండి. సగంలో వదిలేసే అలవాటున్నోళ్ళు ఆఖరు సగం ముందు చదవండి, మనం చేసుకోవాల్సిన పని ఆడ ఉండాది.

ఏప్రిల్ వస్తే 2021లో గెలిచిన సర్పంచులకు అయిదేండ్లు నిండుతాయి. సంక్రాంతి కాడ్నుంచి మా పక్క యాడ నలుగురు కూర్చున్నా ఒకటే మాట. ఈసారి రిజర్వేషను ఎవరికొస్తాది, ఎవరు నిలబడతారు, ఎంత పెడతారు. హిందూపురం చింతపండు మార్కెట్లో ఇదే, పట్టుగూళ్ళ మార్కెట్లో ఇదే, పెనుకొండ బస్టాండులో ఇదే. మాట్లాడుకోండి, వద్దనను. అయితే ఇవే నెలల్లో ప్రతి పంచాయతీలో ఇంకొక పని జరుగుతాంది. 2026-27లో ఏ పనులు చేయాల, దేనికెంత పెట్టాల అనే చిట్టా తయారవుతాంది. గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక అంటారు, ఆఫీసుల్లో జీపీడీపీ అంటారు. రేపు గెలిచే సర్పంచు మీ కులపాయనైనా, మా పార్టీ ఆయనైనా, కుర్చీలో కూర్చున్న మొదటి ఏడాది చేతిలో ఉండేది ఈ చిట్టానే. సర్పంచు ఎవరనే దాని మీద ఇంత కొట్లాట పెట్టుకుంటాండాం గానీ చిట్టాలో ఏముందని అడిగే మనిషి లేడు. నాకు ఇది తలకిందుల సేద్యం మాదిరి కనిపిస్తాది. విత్తనం ఎవరో వేసిపోతారు, మనం కోతకాడ కొట్లాడతాం.

ముందు దుడ్డు సంగతి చెప్తా. చాలామందికి పంచాయతీ దుడ్డు అంటే సర్పంచు జేబులో ఉండే దుడ్డు అని ఒక లెక్క. అట్ల కాదు.

కేంద్రం నుంచి ఆర్థిక సంఘం దుడ్డు వస్తాది. 15వ ఆర్థిక సంఘం కాలంలో మన రాష్ట్రంలో ఆ దుడ్డు నూటికి 70 గ్రామ పంచాయతీకి, 20 మండల పరిషత్తుకు, 10 జిల్లా పరిషత్తుకు పంచినారు. ఈ మార్చితో ఆ కాలం అయిపోతాది, ఏప్రిల్ నుంచి 16వ ఆర్థిక సంఘం లెక్క మొదలు. ఇన్నాళ్ళూ నడిచిన పద్ధతిలో వచ్చినదాంట్లో 60 శాతం ముడేసి ఇచ్చిన దుడ్డు. అందులో సగం తాగునీళ్ళకే, సగం పారిశుద్ధ్యానికే పెట్టాల. మిగిలిన 40 శాతం ఊరు తన అవసరం చూసి పెట్టుకోవచ్చు, అయితే జీతాలకు, ఆఫీసు ఖర్చులకు పెట్టకూడదు. మాటవరసకు మీ పంచాయతీకి పది లక్షలు వచ్చిందనుకోండి. మూడు లక్షలు నీళ్ళకు పోయె. మూడు లక్షలు మురికి కాలువలకు, చెత్తకు పోయె. సర్పంచూ, వార్డు మెంబర్లూ సొంత బుద్ధితో చెయ్యెత్తేది ఆ మిగిలిన నాలుగు లక్షల మీద. ఊళ్ళో కొట్లాడేది మాత్రం నాలుగు కోట్లు వచ్చినట్టు కొట్లాడతాం.

ఆ కొంచెం దుడ్డు కూడా చెయ్యెత్తకుండానే పోయిన కాలం చూసినాము. 2021 ఆఖర్లో రాష్ట్రంలో పంచాయతీల ఖాతాల్లో ఉన్న ఆర్థిక సంఘం దుడ్డు వందల కోట్లు కరెంటు బకాయిల కింద జమ చేసుకున్నారు. పొద్దున బ్యాంకుకు పోయిన సర్పంచుకు ఖాతాలో సున్నా కనిపించింది. అన్ని పార్టీల సర్పంచులూ రోడ్డెక్కినారు, అప్పటి అధికార పార్టీ వాళ్ళు కూడా. నేను కరెంటు బిల్లు కట్టొద్దనే మనిషిని కాదు. వీధి దీపం వెలిగితే, నీళ్ళ మోటరు తిరిగితే బిల్లు వస్తాది, కట్టాల. కానీ ఆ మాట పంచాయతీలో పెట్టి, ఇంత బాకీ ఉంది, ఇంత కడదామని తీర్మానం రాసి కట్టేది వేరు, మన గడపలోకి వచ్చి గాదెలో గింజలు కొలుచుకొని పోయేది వేరు. తీర్మానం అనే దానికి విలువ లేదని పైన వాళ్ళే చూపించినాక, కింద మనం గ్రామసభకు ఎందుకు పోతాము అని ఒక మిత్రుడు అప్పట్లో అడిగినాడు. ఆ ప్రశ్న న్యాయమైందే. దాని మాట చివర్లో చెప్తా.

ఇంకొక సంగతి గుర్తు పెట్టుకోండి. 2018 ఆగస్టులో అప్పటి సర్పంచుల గడువు అయిపోతే 2021 ఫిబ్రవరి దాకా ఎన్నికలు జరగలా. రెండున్నరేండ్లు స్పెషల్ ఆఫీసర్లు నడిపినారు. ఒక ఆఫీసరుకు నాలుగైదు ఊర్లు. ఎన్నికైన పాలకవర్గం లేని చోట ఆర్థిక సంఘం దుడ్డు ఆపేది కేంద్రం పద్ధతి. కాబట్టి ఏప్రిల్ తర్వాత ఎన్నికలు ఎంత లేటయితే మన తాగునీళ్ళ పైపుకు అంత చేటు. ఏ పార్టీ వాడైనా సరే, ఎన్నికలు వెనక్కు జరిపితే ఏమవుతాదిలే అంటే ఈ లెక్క చెప్పండి.

ఇంక ఉపాధి పని కాడికి వద్దాం. మన చేన్లకు అసలైన దుడ్డు వచ్చేది ఈ దోవనే, అందుకే ఇక్కడ కొంచెం ఎక్కువసేపు కూర్చుంటా.

ఉపాధి హామీ పథకం దేశంలో మొదలైంది మన జిల్లాలోనే. 2006 ఫిబ్రవరి 2న నార్పల మండలం బండ్లపల్లికి ప్రధాని మన్మోహన్ సింగ్ వచ్చి మొదలుపెట్టినారు. ఆ చట్టం రాసినోళ్ళు ఒక మంచి పని చేసినారు. ఊర్లో ఏ పని చేయాలో ఎంచే అధికారం గ్రామసభకు రాసినారు. పనుల విలువలో సగానికి తగ్గకుండా పంచాయతీ చేతుల మీదనే జరగాలని రాసినారు. కూలికి నూటికి 60కి తగ్గకూడదు, సిమెంటు, కంకర, ఇనుము లాంటి సామానుకు 40 దాటకూడదు అన్నారు.

ఈ 60-40 లెక్క ఊరి మీద కాదు, జిల్లా మొత్తం మీద చూస్తారు. చాలామందికి తెలియని కిటుకు ఇక్కడే ఉంది. మన ఇంటి ఆడోళ్ళు మే నెల ఎండలో గుట్ట కాడ కందకాలు తవ్వితే 60 పక్క నిండుతాది. అది నిండినందుకే ఇటుపక్క 40 పుడతాది. ఆ 40 సిమెంటు రోడ్డయ్యి మీ ఊర్లోనే తేలొచ్చు, యాభై కిలోమీటర్ల అవతల ఇంకొక ఊర్లోనూ తేలొచ్చు. చెమట ఒకచోట, రోడ్డు ఒకచోట. ఎవరి ఊరికి ఎంత సామాను దుడ్డు పోవాల అనేది గ్రామసభలో తేలేది కాదు, పైన తేలుతాది. అందుకే ఎమ్మెల్యే ఇంటి ముందర అంతమంది జనం. మనకు ఆరు నియోజకవర్గాలుంటే ఇద్దరు మంత్రులు, పెనుకొండ, ధర్మవరం. ఇంకొక చోట బాలకృష్ణ. అడిగే చోట్లకు కొదవ లేదు. అడిగేదానికి చేతిలో కాగితం ఏముందనేది నా ప్రశ్న.

2024 ఆగస్టు 23న రాష్ట్రంలో 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు పెట్టినారు. 4,500 కోట్ల ఉపాధి పనులకు తీర్మానాలు చేసినామన్నారు. ప్రపంచ రికార్డు సర్టిఫికెట్టు కూడా వచ్చింది. పంచాయతీరాజ్ మంత్రి పవన్ కల్యాణ్ గారు ఆ పని చేసినందుకు నాకు సంతోషమే. అంతకు ముందు ఏండ్ల తరబడి గ్రామసభ అంటే కార్యదర్శి బ్యాగులో ఉండే పుస్తకం. ఆ ఆగస్టు పదైదుకే జెండా పండగ ఖర్చు చిన్న పంచాయతీకి 100 రూపాయలు, పెద్ద పంచాయతీకి 250 ఉండేది 10,000, 25,000 చేసినారు. నూరు రూపాయలకు బిస్కెట్లు కూడా రావు. ఎన్నో ఏండ్ల సిగ్గు అది, తీరింది.

అయితే రికార్డు సర్టిఫికెట్టు సభలు ఎన్ని జరిగినాయో చెప్తాది గానీ సభలో ఏం జరిగిందో చెప్పదు. మా పంచాయతీలో ఆ పొద్దు జనం బాగానే వచ్చినారు. షామియానా వేసినారు, టీ ఇచ్చినారు. ముందే టైపు చేసిన చిట్టా చదివినారు. ఫలానా ఇంటి నుంచి ఫలానా ఇంటి దాకా సిమెంటు రోడ్డు, ఫలానా గుడి కాడ నుంచి ఫలానా ఆయన కల్లం దాకా సిమెంటు రోడ్డు. ఒక పెద్దాయన లేసి, అప్పా, చెరువుకు నీళ్ళొచ్చే కాలువ పూడిపోయి పదేండ్లయింది, దాన్నెత్తుకోండి అన్నాడు. రాసుకుంటాము పెద్దాయనా అన్నారు. తర్వాత పుస్తకం చూస్తే ఆ మాట అందులో లేదు. ఆయన అడిగినాడనేదానికి అక్కడున్న అరవై మంది సాక్షులం, పుస్తకం మాత్రం ఆయన ఆ పొద్దు సభకే రానట్టు ఉంది.

సిమెంటు రోడ్డు వద్దని నేననను. వానాకాలం గర్భిణి ఆడమనిషిని బురదలో నడిపించిన ఊర్లు మనవి. కానీ రోడ్డు పని ముందుకు ఎందుకు ఉరుకుతాది, కాలువ పని వెనక్కు ఎందుకు పోతాది అనేది చూడండి. రోడ్డులో సామాను ఎక్కువ. సామాను ఉన్న చోట బిల్లు ఉంటాది, బిల్లు ఉన్న చోట దాన్ని చేయించే మనిషి ఉంటాడు, ఆ మనిషి ఎంపీడీవో ఆఫీసు చుట్టూ తిరిగి పనిని నడిపిస్తాడు. కాలువ పూడిక తీసేదాంట్లో ఉండేదంతా కూలి. కూలి దుడ్డు నేరుగా కూలోళ్ళ ఖాతాకు పోతాది. దాని కోసం తిరిగే మనిషి ఎవరూ లేరు, మనం తప్ప. మనమేమో గెనిమ మీద కూర్చొని ఈ ఏడు కూడా చెరువు మరవ పోలేదే అని బాధపడతాం. వాన పడలేదా అంటే పడింది. నీళ్ళు వంకలో పడి పోయినాయి, కాలువ మూతి కాడ కంపచెట్లు అడ్డం, చెరువులోకి తిరగలా.

మన పక్క బోర్లు ఎంత లోతుకు పోయినాయో మీకు నేను చెప్పాల్సిన పని లేదు. ఒక బోరు ఎండితే దాని కింద మల్బరీ తోట పోతాది, తోట పోతే గూళ్ళు పోతాయి, ఇంట్లో వాళ్ళు బెంగళూరు బస్సెక్కుతారు. చెరువులో నాలుగు నెలలు నీళ్ళు నిలబడితే కింద బోర్లన్నీ బతుకుతాయి. ఇంటి ముందర సిమెంటు రోడ్డు ఎంత బాగున్నా దాని మీద పోయేది మన పిల్లోళ్ళు బెంగళూరికి పోయే ఆటోనే అయితే ఏం సుఖం? నా ఓటు అడిగితే మొదటి తీర్మానం కాలువ, రెండోది చేన్లకు పోయే డొంక బాట, మూడోది సిమెంటు రోడ్డు. ఒప్పుకోని వాళ్ళుంటారు, ఉండనీ. సభలో ఆ మాటే చెప్పండి, కొట్లాడుకుందాం. చెప్పాల్సింది సభలో, టీకొట్టు కాడ కాదు.

ఇప్పుడు ఉపాధి చట్టం కూడా మారింది. 2025 డిసెంబరులో పార్లమెంటు దాని బదులు కొత్త చట్టం చేసింది, అందరూ జీ రామ్ జీ అంటాండారు. 100 దినాలు ఉండేది 125 దినాలన్నారు. విత్తనం, కోత కాలాల్లో 60 దినాల దాకా పని ఆపొచ్చన్నారు. చెనక్కాయ పీకే కాలంలో కూలోళ్ళు దొరకరని మనమే మొత్తుకున్నాము కాబట్టి రైతుగా నాకు అది కొంచెం బాగానే ఉంది, కానీ సెంటు భూమి లేని వాళ్ళ ఇంటికాడ నిలబడి ఈ మాట చెప్పలేను. నాకు అసలు అనుమానం వేరే చోట. పాత చట్టంలో కూలి దుడ్డు మొత్తం కేంద్రానిది, సామానులో నాలుగింట మూడు వంతులు కేంద్రానిది. కొత్త దాంట్లో మన లాంటి రాష్ట్రానికి కేంద్రం 60, రాష్ట్రం 40. ఏ రాష్ట్రానికి ఎంత అనేది కేంద్రం ముందే గీత గీస్తాది, గీత దాటితే రాష్ట్రమే పెట్టుకోవాల. దుడ్డు పెట్టేవాడు పెత్తనం కూడా అడుగుతాడు, అది ఇంటి సంసారంలో కూడా ఉండేదే. రేపు అమరావతి నుంచి ఈ ఏడు అన్ని ఊర్లలో ఫలానా పనే అని చిట్టా వస్తే, మన ఊరి కోరిక యాడ నిలబడతాది? కొత్త చట్టంలో కూడా పనులు పంచాయతీ ప్రణాళికలోంచే రావాలని రాసినారు. ఆ ఒక్క లైనే మనకు పట్టు. ప్రణాళికలో మన కాలువ లేకుంటే ఆ పట్టు కూడా జారిపోయినట్టే.

జిల్లా పరిషత్తు సంగతికి వస్తా. హిందూపురం, మడకశిర పక్కోళ్ళు ఇది బాగా వినాల.

2022 ఏప్రిల్ 4న మనకు శ్రీ సత్యసాయి జిల్లా వచ్చింది. 32 మండలాలు. హిందూపురం జిల్లా కేంద్రం కావాలని ఎంత గొడవ జరిగిందో మీకు తెలుసు, అది ఇప్పుడు తవ్వను. జిల్లా రెండయినా జిల్లా పరిషత్తు మాత్రం ఒకటే, అనంతపురంలోనే. పాత జిల్లా 63 మండలాల జడ్పీటీసీలు అక్కడే కూర్చుంటారు. హిందూపురం రైతు లెక్క చూడండి. మండలాఫీసు హిందూపురంలో. ఆర్డీవో పెనుకొండలో, నలభై కిలోమీటర్ల దాకా. కలెక్టరు పుట్టపర్తిలో, అరవై పైచిలుకు. జడ్పీ సమావేశం అనంతపురంలో, నూరు కిలోమీటర్ల పైనే. నాలుగు దిక్కుల్లో నాలుగు దేవుళ్ళను పెట్టి మొక్కు తీర్చుకోమన్నట్టు. ధర్మవరం వాళ్ళకు ఈ బాధ తక్కువ, అనంతపురం వాళ్ళకు పక్కనే, అందుకే ఈ మాట వాళ్ళకు అంతగా తగలదు. అగళి, రొళ్ళ పక్కోణ్ణి అడగండి.

జడ్పీలో బడ్జెట్టుకు చెయ్యెత్తుతారు, వ్యవసాయం, పనులు, విద్య, వైద్యం అని ఏడు స్థాయీ సంఘాలు ఉంటాయి. పేపర్లో సర్వసభ్య సమావేశం వార్త చదువుతాం కదా, ఫలానా సభ్యుడు లేచినాడు, తాగునీళ్ళ మీద అధికారులను నిలదీసినాడు, సభలో గందరగోళం. నిలదీసినాక ఏ పనికి ఎంత మంజూరు అయింది, ఎవరు అవునన్నారు, ఎవరు కాదన్నారు అనేది ఆ వార్తలో ఉండదు. 2021లో గెలిచిన జడ్పీలో ఎక్కువమంది ఒక పార్టీ, 2024 నుంచి రాష్ట్రంలో ఇంకొక కూటమి. రెండు ఎద్దులు రెండు పక్కలకు లాగితే మడక సాగదు, దున్నాల్సిన మడి మనది.

మండల, జిల్లా పరిషత్తుల ఓట్లు 2021 ఏప్రిల్‌లో వేసినాము, కోర్టు కేసుల వల్ల లెక్కింపు సెప్టెంబరులో జరిగింది. కాబట్టి ఈ సెప్టెంబరుతో వాళ్ళ గడువూ అయిపోతాది. అడగాల్సింది ఇప్పుడే. కొత్త ఎన్నికల లోపల మన జిల్లాకు మన జడ్పీ కావాల. అది చట్టంతో పని, లేటవుతాదంటే, అంతదాకా సమావేశాలు ఒకటి అనంతపురంలో పెడితే ఒకటి పెనుకొండలో పెట్టమందాం. దానికి కొత్త భవనం అక్కర్లేదు, ఒక కల్యాణ మండపం చాలు. పెనుకొండలో రాయల కాలంలో రాజులే దర్బారు చేసినారు, జడ్పీటీసీలు కూర్చోలేరా?

మా ఊరి పిల్లోడు ఒకడు అమెరికాలో ఉన్నాడు. అక్కడ జిల్లా మాదిరి కౌంటీ అని ఉంటాది, దానికి బోర్డు ఉంటాది. వాళ్ళుండే చోట సమావేశానికి ముందే ఎజెండా బయట పెడతారంట. ఫలానా వంతెనకు ఇంత అప్పు తేవాల, ఫలానా పార్కుకు ఇంత, ఫలానా వీధి వాళ్ళు ఇది అడిగినారు అని. ఎవరైనా పోయి రెండు మూడు నిమిషాలు మాట్లాడొచ్చు, తర్వాత ఒక్కొక్క మెంబరు పేరు పిలిచి అవునా కాదా అడిగి రాస్తారంట. వాళ్ళ దుడ్డు మనకు రాదు, వాళ్ళ పద్ధతికి మాత్రం రూపాయి ఖర్చు లేదు. అంత దూరం ఎందుకు, కేరళలో 1996లో రాష్ట్రం ప్రణాళిక దుడ్డులో నూటికి 35 నుంచి 40 వంతులు ఊర్లకు వదిలి మీరే ఎంచుకోండి అన్నారు. మన పక్కనే గౌరిబిదనూరు, పావగడలో మన చుట్టాలున్నారు. కర్ణాటకలో ముందు వార్డు సభ, తర్వాత గ్రామసభ. ఏడాదికొకసారి జమాబందీ అని పెట్టి పంచాయతీ లెక్కలు జనం ముందర చూపించాలని రూలు. అన్నీ సక్రమంగా జరుగుతాయని కాదు. అక్కడ జిల్లా, తాలూకా పంచాయతీలకు 2021లో గడువు అయిపోతే ఎన్నికలే పెట్టకుండా ఏండ్లు గడిపినారు. మనకు ఆ తెగులు అంటుకోకూడదు.

మనకూ చట్టం లేక కాదు. 1994 పంచాయతీరాజ్ చట్టంలో గ్రామసభ ముందర లెక్కలు, ఆడిటు రిపోర్టు, ఏడాది పనుల చిట్టా పెట్టాలని ఉంది. గ్రామసభ పెట్టకుంటే సర్పంచు పదవికే ఎసరు వస్తాది. కాగితం మీద మన చట్టం గట్టిదే.

ఇంక పని సంగతి. చెరువు బాగు చేయండి సార్ అని అడిగితే అది మొక్కు. దేవుడు వింటే విన్నట్టు, లేకుంటే లేదు. ఫలానా సర్వే నంబరు కాడ వంక మూతి నుంచి చెరువు లోపలి దాకా 900 మీటర్లు కాలువ, అందులో 300 మీటర్లు పూర్తిగా పూడింది, కంపచెట్లు ఉన్నాయి, కింద ఇన్ని ఎకరాలు, ఇన్ని బోర్లు అని రాస్తే అది కోరిక. దానికి ఇంజనీరు వచ్చి ఎస్టిమేటు వేయాల్సి వస్తాది. కొలిచేదానికి టేపు అక్కర్లేదు, ఫోనులో మ్యాపు ఉంది, లేకుంటే అడుగులేసి కొలవండి. ఆ చెరువు ఏ శాఖ లెక్కలో ఉందో ముందే కనుక్కోండి. లేకపోతే ఇరిగేషనోళ్ళు పంచాయతీ అంటారు, పంచాయతీ వాళ్ళు ఇరిగేషను అంటారు, ఆ మధ్యలో ఇంకొక వానాకాలం పోతాది.

కాగితం సభ రోజు ఇవ్వొద్దు, ఆ రోజు చిట్టా ముందే టైపు అయి ఉంటాది. సభకు వారం పది దినాల ముందు కార్యదర్శికి ఇచ్చి, ఇంకొక ప్రతి మీద తేదీ వేసి సంతకం, స్టాంపు తీసుకోండి. సభలో లేసి ఆ కాగితం సంగతి చదవమనండి. అయిపోయినాక ఇంటికి పోకుండా తీర్మానాల పుస్తకంలో రాసేదాకా కూర్చోండి. రాసినాక ఫోనులో ఫోటో తీసుకోండి. కాదంటే కాదని రాయమనండి, ఎందుకు కాదో రాయమనండి. కాదు అని రాసినా మంచిదే, పైకి పోయి అడిగేదానికి అదే ఆధారం. ఏమీ రాయకుండా రాసుకుంటాములే అనేది ఒప్పుకోవద్దు.

మీ పంచాయతీ చిట్టా ఈ-గ్రామ్‌స్వరాజ్ అనే వెబ్‌సైటులో కనిపిస్తాది. రాష్ట్రం, జిల్లా, మండలం, పంచాయతీ నొక్కితే ఏ పనికి ఎంత అనుకున్నారు, ఎంత ఖర్చు రాసినారు అన్నీ ఉంటాయి. ఇంట్లో ఇంటరు చదివే పిల్లోళ్ళుంటే పది నిమిషాల్లో తీసి ఇస్తారు. మీ వీధిలో వేయని పైపు వేసినట్టు ఆడ కనిపిస్తే ఆ పేజీ ప్రింటు తీసుకొని సభకు పోండి. కొట్లాట అక్కర్లేదు, ఇది యాడ ఉందో చూపించండన్నా అని అడిగితే చాలు.

ఇప్పుడు ఆ మిత్రుని ప్రశ్న. అంతా పైన తేల్చేస్తారు, తీర్మానానికి విలువ లేదు, పోయి ఏం చేయాల? చాలామటుకు నిజమే. ఏ ఊరికి ఎన్ని రోడ్లు అనేది గ్రామసభలో తేలదు. కానీ కరెంటు బకాయి కింద దుడ్డు పోయినప్పుడు సర్పంచులు ఏ బలంతో రోడ్డెక్కినారు? మా పంచాయతీ తీర్మానం లేకుండా ఎట్ల తీసుకుంటారు అనే కదా. విలువ లేని కాగితమైతే పైన వాళ్ళు ఉపాధి పనులకు 13,326 ఊర్లలో సంతకాలు తీసుకునేదానికి అంత హడావుడి ఎందుకు పడతారు? వాళ్ళకు ఆ కాగితం కావాల. వాళ్ళకు కావాల్సిన కాగితంలో మన మాట ఒక లైను ఉండాల. మా చిన్నాయన దీనికి కూడా ఒప్పుకోలా, నీకు సేద్యం తక్కువై ఇవన్నీ తిరుగుతాండావు అన్నాడు. అన్నాడు గానీ సంతకం పెట్టినాడు.

మా కాలువ కాగితం తయారయింది. కాలువ కింద చేన్లున్న 43 మంది సంతకాలు, వేలిముద్రలు పెట్టినారు, అందులో మూడు పార్టీల వాళ్ళూ ఉన్నారు. ఈ సోమవారం ఇస్తాము. ఇచ్చినాక స్టాంపు పడిన ప్రతి ఫోటో ఇక్కడ పెడతా, కావాల్సిన వాళ్ళు ఊరి పేరు, కొలతలు మార్చుకొని వాడుకోండి. మీ పంచాయతీలో సభ ఏ తేదీన అనేది తెలిసినోళ్ళు కింద రాయండి. దండోరా వేయలేదంటే అది కూడా రాయండి.